స్మోక్ ఆన్ ద వాటర్: మాంట్రోలో అసలేం జరిగింది, రిఫ్ ఎట్లా వాయించాలి? (తిరుపతి, చిత్తూరు బ్యాండ్ల చర్చ)

బైరాగిపట్టెడ_బ్యాండ్
అన్నలకూ అక్కలకూ నమస్తే. మా కాలేజీ వార్షికోత్సవంలో డీప్ పర్పుల్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండు వాళ్ల 'స్మోక్ ఆన్ ద వాటర్' వాయించబోతున్నాం. పాటకు ముందు దాని కథ తెలుగులో ఒకటి రెండు నిమిషాలు చెప్పాలి. నెట్‌లో చూస్తే తలా ఒక మాట. కాసినోలో (జూదశాలలో) రికార్డింగ్ జరుగుతుంటే మంటలు అంటుకున్నాయని కొందరు, హోటల్ కాలిపోయిందని ఇంకొందరు. అసలు జరిగింది వరసగా ఎవరైనా చెప్పండి.
రెండోది రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస. మా గిటారిస్టు పవర్ కార్డ్స్‌తో వాయిస్తున్నాడు. స్వరాలు సరిగ్గానే పడుతున్నాయి గానీ రికార్డులో ఉన్న బిగువు రావడం లేదు. ఒక గిటార్, బాస్, డ్రమ్స్, కీబోర్డు, ఒక వయోలిన్, ఇద్దరు గాయకులు ఉన్నారు. ఆడిటోరియం మూసి ఉండేది, ఏసీ హాలు.

అలిపిరి_బాస్
తమ్ముడూ, ముందు ఒకటి గుర్తు పెట్టుకో. కాలింది కాసినో. అప్పటికి డీప్ పర్పుల్ రికార్డింగ్ మొదలే కాలేదు.
1971 డిసెంబర్ మొదట్లో ఐదుగురూ, అంటే గిటార్ రిచీ బ్లాక్‌మోర్, గాత్రం ఇయాన్ గిలన్, బాస్ రోజర్ గ్లోవర్, ఆర్గన్ జాన్ లార్డ్, డ్రమ్స్ ఇయాన్ పైస్, స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డునున్న మాంట్రోకు వచ్చినారు. అక్కడి కాసినో చలికాలం మూతపడుతుంది. ఆ ఖాళీ హాల్లో, స్టూడియో గదిలో కాకుండా కచేరీలో వాయించినట్టే ఆల్బమ్ రికార్డు చేయాలన్నది వాళ్ల ఆలోచన. రికార్డింగ్ సరంజామా మొత్తం రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో ట్రక్కులో ఉండింది.
మూసేముందు ఆఖరి కచేరీ డిసెంబర్ 4న. వాయిస్తున్నది ఫ్రాంక్ జప్పా, ఆయన మదర్స్ బృందం. కచేరీ మధ్యలో ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ (మండే రవ్వను వదిలే సంకేత తుపాకీ) పైకి పేల్చినాడు. కప్పుకు పేము అల్లిక ఉండింది, అది అంటుకుంది. భవనం మొత్తం పోయింది, జప్పా వాళ్ల వాయిద్యాలూ పోయినాయి. ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు. మాంట్రో జాజ్ ఫెస్టివల్‌ను 1967లో మొదలుపెట్టిన వాళ్లలో ముఖ్యుడు క్లాడ్ నాబ్స్ లోపలికీ బయటికీ పరిగెత్తుతూ పిల్లల్ని బయటికి తెచ్చినాడు. పాటలో వచ్చే 'ఫంకీ క్లాడ్' ఆయనే. పర్పుల్ వాళ్లు హోటల్ నుంచి చూస్తే పొగ సరస్సు నీళ్ల మీద పరుచుకుని ఉంది. పాట పేరులో ఉన్న దృశ్యం అదే.

చిత్తూరు_స్ట్రాట్
అలిపిరి అన్న చెప్పినదానికి మిగతా సగం నేను చెప్తా. ఎక్కువ మంది తప్పు చెప్పేది ఇక్కడే.
కాసినో పోయాక నాబ్స్ వాళ్లకు ఊళ్లోనే పెవిలియన్ అనే థియేటర్ చూపించినాడు. అక్కడ రాత్రిపూట ఒకే ఒక్క పాట ట్రాక్ వాయించినారు. అప్పటికి దానికి పేరు లేదు, 'టైటిల్ నంబర్ 1' అని రాసుకున్నారు. ఆ శబ్దానికి చుట్టుపక్కల వాళ్లు నిద్రలేచి పోలీసులకు చెప్పినారు. పోలీసులు తలుపు కొడుతుంటే బ్యాండ్ సహాయకులు లోపలి నుంచి తలుపులు అదిమిపట్టుకున్నారు. టేక్, అంటే ఆ ఒక్క విడత రికార్డింగ్, పూర్తయ్యేదాకా తలుపు తెరవలేదు. ఆ టేకే మనం ఇవాళ వింటున్న 'స్మోక్ ఆన్ ద వాటర్'. ఆ తరువాత పెవిలియన్ నుంచి ఖాళీ చేయించినారు.
మిగతా ఆల్బమ్ అంతా చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్లో రికార్డయింది. వరండాలో పరుపులు నిలబెట్టి గోడల ప్రతిధ్వని ఆపినారు, ట్రక్కును బయట నిలిపి లోపలికి కేబుళ్లు లాగినారు. వాయించింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ ట్రక్కు దాకా పోవాలి. అందుకని టేకు టేకుకూ వినడం మానేసినారు. ఇంజనీర్ మార్టిన్ బిర్చ్. కాబట్టి పాటలో గ్రాండ్ హోటల్ పేరు ఉన్నా, పాట వాద్యాల ట్రాక్ అక్కడిది కాదు, పెవిలియన్‌ది. మాటలు తరువాత హోటల్లో చేర్చినారు.

కపిలతీర్థం_కీస్
మాటలు ఎట్లా వచ్చాయో కూడా చెప్పాలి, ఎందుకంటే నీ ఉపన్యాసానికి అదే ప్రాణం. మంటల తరువాత కొద్దిరోజులకు గ్లోవర్ నిద్రలేస్తూనే ఈ నాలుగు మాటలూ పైకి అన్నాడు. గిలన్‌కు చెప్తే, వినేవాళ్లు మత్తుమందు పాట అనుకుంటారేమో అని ముందు సందేహించినాడు. చివరికి ఆల్బమ్‌కు ఇంకొన్ని నిమిషాలు తక్కువపడితే, పేరులేని ఆ ట్రాక్‌ను బయటికి తీసి, జరిగింది జరిగినట్టు రాసినారు. మాంట్రోకు వచ్చిందీ, మొబైల్ ట్రక్కూ, జప్పా కచేరీ, ఫ్లేర్ గన్, కాలిపోయిన జూదశాల, చలిగా ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్, చేతిలో మిగిలిన కొద్దిపాటి టైము, అన్నీ అదే వరసలో ఉన్నాయి. ఉపమానం ఒక్కటీ లేదు. ఊరి పేరూ మనుషుల పేర్లూ ఉన్నాయి. నా ఉద్దేశంలో ఈ పాట బతకడానికి రిఫ్ ఎంత కారణమో ఈ సూటితనం కూడా అంతే కారణం. మీరు కూడా స్టేజి మీద వరస తప్పకుండా, విశేషణాలు లేకుండా చెప్పండి.

చిత్తూరు_స్ట్రాట్
ఇక రిఫ్. పవర్ కార్డ్ అంటే మూలస్వరం కింద, పంచమం పైన. ఈ రిఫ్‌లో అది తలకిందులు. శ్రుతి జి మైనర్. పైస్వరం జి అయితే దాని కింద నాలుగో దూరంలో డి. అన్ని స్వరాలకూ అదే దూరం కింద రెండో స్వరం తోడుగా నడుస్తుంది.
వాయించాల్సింది నాలుగో తీగ (డి), మూడో తీగ (జి) కలిపి. ఫ్రెట్లు (గిటార్ మెడ మీది గడులు) రెండు తీగల మీదా ఒకటే, 0 అంటే నొక్కని ఖాళీ తీగ:
0 – 3 – 5, 0 – 3 – 6 – 5, 0 – 3 – 5 – 3 – 0.
3కి చూపుడువేలు రెండు తీగల మీదా పడుకోబెట్టు, 5కి ఉంగరంవేలు, 6కి చిటికెనవేలు.
కుడిచేతిలో పిక్ (తీగలు మీటే బిళ్ల) వద్దు. బ్లాక్‌మోర్ బొటనవేలు, చూపుడువేలితో రెండు తీగల్నీ ఒకేసారి గిల్లుతాడు. పిక్‌తో కొడితే కింది తీగ ముందు, పై తీగ ఆ వెంటనే మోగుతుంది. ఆ చిన్న జాప్యమే మీ రిఫ్‌ను చెదరగొడుతోంది. రెండూ ఒకే క్షణంలో మోగితే ఒకే స్వరంలా గట్టిగా పడుతుంది.
ఇంకో ఇబ్బంది ఖాళీ తీగలు. 0 వాయించాక అవి తమంతట తాము ఆగవు, తరువాతి 3 మీదికి పాకుతాయి. గిల్లిన వేళ్లనే మళ్లీ తీగల మీద ఆనించి ఆపాలి. మొదటి రెండు స్వరాలు పొట్టిగా తెగాలి, 5 నిలవాలి.

పుత్తూరు_తాళం
ఫ్రెట్లు నేర్చుకున్నవాళ్లు కూడా లెక్క తప్పుతారు. నాలుగు బీట్ల బార్లు (తాళం ఆవర్తాల లాంటివి) నాలుగు. ఇట్లా పడాలి:
మొదటి బార్: ఒకటి మీద 0, రెండు మీద 3, మూడు మీద 5. ఈ 5 ఒకటిన్నర బీటు నిలవాలి. నాలుగో బీటు సగం గడిచాక మళ్లీ 0.
రెండో బార్: ఒకటికీ రెండుకీ నడుమ 3, రెండుకీ మూడుకీ నడుమ 6, సరిగ్గా మూడు మీద 5, రెండు బీట్లు.
మూడో బార్: మొదటిదాని లాగే 0, 3, 5. నాలుగో బీటు సగంలో 3.
నాలుగో బార్: ఒకటికీ రెండుకీ నడుమ 0, చివరిదాకా వదిలేయాలి.
కొత్తవాళ్లు రెండో బార్‌లో అన్నిటినీ బీటు మీదే పెడతారు. అప్పుడు స్కూల్ ప్రార్థనగీతం మాదిరి చదునుగా వినిపిస్తుంది. పాదంతో నాలుగూ కొడుతూ, నోటితో 'నడుమ' స్వరాలు పలికి చూస్తే గంటలో కుదురుతుంది.
వేగం నిమిషానికి 112 నుంచి 116 బీట్లు. స్టేజి మీద గిటార్ ఒంటరిగా మొదలవుతుంది కాబట్టి కంగారులో 125 దాకా పోతుంది. ఆ తరువాత గాయకుడికి ఊపిరి తీసుకోవడానికి చోటు దొరకదు, ఎందుకంటే చరణాల్లో మాటలు దట్టంగా ఉన్నాయి. డ్రమ్మర్ చెవిలో మెట్రోనోమ్ పెట్టుకుని కర్రలతో నాలుగు లెక్క ఇవ్వడమే మందు.

పీలేరు_పికర్
ఇంత పట్టింపు అవసరమా అన్నా? కచేరీలో బోలెడన్ని బ్యాండ్లు ఇదే రిఫ్‌ను పవర్ కార్డ్స్‌తో వాయిస్తున్నాయి. డిస్టార్షన్ (ఆంప్‌లో శబ్దాన్ని గరుకు చేయడం) ఎక్కువున్నప్పుడు పంచమం లావుగా, నిండుగా వినిపిస్తుంది. జనం గుర్తుపడితే చాలదా?

మదనపల్లె_మిక్సర్
గుర్తుపడతారు పీలేరు. కానీ రెండు చోట్ల నష్టం జరుగుతుంది.
ఒకటి, మన చెవి పై స్వరాన్నే రాగంగా పట్టుకుంటుంది. మూలస్వరం కింద, పంచమం పైన పెడితే పైన వినిపించేది డి, ఎఫ్, జి. పాట అసలు రాగం జి, బి-ఫ్లాట్, సి.
రెండోది లెక్కతో చూపిస్తా. ఖాళీ డి తీగ 146.83 హెర్ట్జ్, ఖాళీ జి తీగ 196.00 హెర్ట్జ్. రెండింటినీ కలిపి డిస్టార్షన్‌లోకి పంపితే వాటి తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. 196.00 లోంచి 146.83 తీసేస్తే 49.17. బాస్ గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో ఉండే జి 49.00 హెర్ట్జ్. అంటే బాస్ ఇంకా మొదలుకాకముందే గిటార్ దాని చోటు చూపిస్తోంది. రికార్డులో బాస్ వచ్చాక ఎనిమిదో భాగపు స్వరాలతో జి మీద గట్టిగా నిలబడుతుంది. పాట మోకాలి నుంచి పైకి తోసినట్టు అనిపించేది అందుకే.
దీనివల్ల ఒక జాగ్రత్త ఉంది. మూడో తీగ 5 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి పోయిందనుకో, ఆ తేడా స్వరం సుమారు 20 సెంట్లు పైకి పోతుంది. తీగల్లో ఉన్న తప్పు కింద నాలుగింతలై వినిపిస్తుంది. ఏసీ హాల్లోంచి బయటికి, బయటినుంచి ఏసీలోకి గిటార్ తిరిగితే మూడో తీగే ముందు కదులుతుంది. స్టేజి ఎక్కాక, పాటకు ముందు, ఈ రెండు తీగల్నీ మళ్లీ ట్యూన్ చేయించు.
గెయిన్ (ఆంప్ మీద గరుకుదనం పెంచే మీట) పదికి మూడు, నాలుగు దగ్గర ఆపు. అంతకంటే ఎక్కువైతే 6వ ఫ్రెట్ స్వరాలు గరగరమని ముద్దవుతాయి. బిగువు కావాలంటే గెయిన్ పెంచొద్దు, ఆంప్ వాల్యూమ్ పెంచు.

శ్రీకాళహస్తి_శ్రుతి
మన సంగీతం చదువుకున్నవాళ్లకు దీన్ని ఇంకా సులువుగా చెప్పొచ్చు. జి ని షడ్జమం అనుకోండి. పైస్వరం: స గ మ, స గ మ' మ, స గ మ గ స. ఇందులో గ సాధారణ గాంధారం, మ శుద్ధ మధ్యమం. మ' మాత్రం ప్రతి మధ్యమం, మెరిసి శుద్ధ మధ్యమం మీదికి దిగుతుంది. ఒకే మేళకర్తలో రెండు మధ్యమాలుండవు కాబట్టి ఇది మన ఏ మేళానికీ పూర్తిగా చెందదు. పాశ్చాత్యులు బ్లూస్ స్కేల్ అంటారు. ఆ ప్రతి మధ్యమం మీద కంపితం వేయొద్దు, గమకం పెడితే పాట రూపమే మారిపోతుంది.
కిందిస్వరం మంద్రంలో: ప ని స, ప ని రి స, ప ని స ని ప. ని కైశిక నిషాదం, రి శుద్ధ రిషభం. గాయకులిద్దరిలో ఒకరు పైది, ఒకరు కిందిది సాధకంగా పాడుకుంటే మీ గిటారిస్టుకు చెవిలో నిలుస్తుంది.
మీ దగ్గర వయోలిన్ ఉందన్నారు కదా. కర్ణాటక పద్ధతిలో తీగలు స ప స ప. నడిమి రెండు తీగలు మంద్ర పంచమం, మధ్య షడ్జమం. ఇది సరిగ్గా ఈ రిఫ్‌కు కావలసిన జత! 5 శ్రుతికి, అంటే జి కి, కలుపుకుంటే ఖాళీ తీగలు డి, జి అవుతాయి, గిటార్ కంటే ఒక స్థాయి పైన. రెండు తీగల మీదా విల్లు సమానంగా ఆనించాలి. 3, 5, 6 ఫ్రెట్లకు బదులు ఒకే వేలిని రెండు తీగల మీదా అడ్డంగా నొక్కాలి. వేలు కొంచెం వంకరపోయినా ఒక తీగ శ్రుతి తప్పుతుంది, ఆ జాగ్రత్త ముఖ్యం. విల్లు స్వరానికి ఒకటి, ఆపి ఆపి. రెండు స్వరాలు ఒకే విల్లులో కలిపితే పొట్టిగా తెగాల్సినచోట అంటుకుపోతాయి.

బైరాగిపట్టెడ_బ్యాండ్
శ్రుతి మేడం, ఇది మా వయోలిన్ అమ్మాయికి పంపించేశాను. కీస్ అక్కా, మా కీబోర్డుకు ఏం సౌండ్ పెట్టాలి? ఆర్గన్ నిజంగా అవసరమా, లేక వయోలిన్ ఉంటే చాలా?

కపిలతీర్థం_కీస్
ఆర్గన్ తప్పనిసరి. రికార్డులో రిఫ్ గిటార్ ఒక్కటే కాదు. జాన్ లార్డ్ హామండ్ సి3 ఆర్గన్‌ను మార్షల్ ఆంప్ గుండా పంపి, గిటార్‌తో పాటు అదే రిఫ్ వాయించినాడు. ఆ గరుకుదనం సగం ఆర్గన్‌దే. మామూలుగా ఆర్గన్‌కు వాడే తిరుగుడు స్పీకర్ మెత్తదనం ఇక్కడ తక్కువ.
కీబోర్డులో 'రాక్ ఆర్గన్' ఎంచుకో. డ్రాబార్లు (ఆర్గన్ ధ్వనిని మార్చే లాగుడు కడ్డీలు) ఉంటే మొదటి మూడు పూర్తిగా బయటికి, మిగతావి లోపలికి. పర్కషన్ ఆపేయి, లేకపోతే ప్రతి స్వరం మొదట 'టక్' అంటుంది. ఓవర్‌డ్రైవ్ ఉంటే సగానికి పెట్టు. లేకపోతే కీబోర్డు లైన్‌ను గిటార్ ఓవర్‌డ్రైవ్ పెడల్ గుండా పంపొచ్చు, కానీ కీబోర్డు వాల్యూమ్ ముప్పాతిక కంటే తగ్గించి పంపు. కీబోర్డు నుంచి వచ్చే సిగ్నల్ గిటార్‌ది కంటే ఎక్కువ కాబట్టి, తగ్గించకపోతే శబ్దం పెడల్ లోపలే పగిలిపోతుంది.
వచ్చే వరస ముఖ్యం. ముందు గిటార్ ఒంటరిగా. తరువాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు), దానితో ఆర్గన్. అటుపైన మిగతా డ్రమ్స్. చివర బాస్. అంతా కలిశాక గాత్రం. ఒక్కొక్కరు చేరేకొద్దీ పాట ఎక్కుతుంది. అందరూ ఒకేసారి మొదలుపెడితే ఆ ఎక్కడం పోతుంది. వయోలిన్‌ను హై-హ్యాట్‌తో కాకుండా రెండో చరణం తరువాతి రిఫ్‌లో తీసుకురండి, అప్పుడు కొత్తగా ఉంటుంది.

పుత్తూరు_తాళం
హై-హ్యాట్ పదహారో భాగాలు, తేలిగ్గా, మూసి ఉంచి. పైస్ ఎడమచేతివాటం. కుడిచేతివాళ్లు వీడియో చూసి చేతులు అనుకరిస్తే తికమకవుతారు, చెవితో నేర్చుకోండి. స్నేర్ డ్రమ్‌తో ఎక్కేటప్పుడు హ్యాట్ ఆపొద్దు.

అలిపిరి_బాస్
పల్లవి దగ్గర మార్పు గుర్తుంచుకోండి. చరణం అంతా జి మీద, చివర్లలో ఎఫ్ తగులుతుంది. పల్లవి సి మీద మొదలై ఎ-ఫ్లాట్‌కు దిగి, జి కి చేరుతుంది. ఆ ఎ-ఫ్లాట్ మీద బాస్ గట్టిగా పడకపోతే పల్లవి తేలిపోతుంది. జి కి పొరబాటున ముందే వెళ్లేవాళ్లు చాలామంది.
శ్రుతి తగ్గించాలనుకుంటే ఆలోచించి చేయండి. గాయకుడి కోసం ఎఫ్ మైనర్‌కు దించితే గిటార్‌కు ఖాళీ తీగలు దొరకవు. దారులు రెండు: మొత్తం గిటార్ రెండు అరస్వరాలు దించి ట్యూన్ చేయడం, లేదా ఐదో, నాలుగో తీగల మీద 3 – 6 – 8, 3 – 6 – 9 – 8, 3 – 6 – 8 – 6 – 3. రెండోదానిలో బిగువు కాస్త తక్కువ, కానీ ఇతర పాటలకు గిటార్ మార్చాల్సిన పనిలేదు. తీగలు 9 గేజ్ (తీగ లావు కొలత) అయితే దించినప్పుడు వదులైపోతాయి, 10 పెట్టుకోండి.

పీలేరు_పికర్
బీథోవెన్ ఐదో సింఫనీని తిప్పి వాయిస్తే ఈ రిఫ్ వస్తుందని బ్లాక్‌మోరే చెప్పినాడని చదివాను. ఉపన్యాసంలో అది పెట్టొచ్చా?

శ్రీకాళహస్తి_శ్రుతి
ఆయన అలా చెప్పిన మాట నిజమే. కానీ స్వరాలు పక్కపక్కన పెట్టి చూడండి. బీథోవెన్‌ది ఒకే స్వరం మూడుసార్లు, తరువాత కిందికి ఒక దూకు. తిప్పినా అడుగులు కలవవు. స్టేజి మీద చెప్పాలంటే 'బ్లాక్‌మోర్ మాట' అని చెప్పండి, వాస్తవంగా చెప్పొద్దు. బ్రెజిల్ స్వరకర్త కార్లోస్ లైరా పాటకు ఆస్ట్రుడ్ జిల్బెర్టో 1966లో పాడిన రూపంలో దీనికి దగ్గరగా ఒక వరస వినిపిస్తుందని కొందరు చూపిస్తారు. విని పోల్చుకోండి. పోలిక వేరు, తీసుకోవడం వేరు.

చిత్తూరు_స్ట్రాట్
'విడుదలైన రోజే హిట్' అని మాత్రం చెప్పొద్దు. ఈ పాట ఉన్న మెషీన్ హెడ్ ఆల్బమ్ 1972 మార్చిలో వచ్చింది. దానిలోంచి ముందు సింగిల్‌గా (విడి పాట రికార్డుగా) వేసింది 'నెవర్ బిఫోర్'. ఈ పాట మీద బ్యాండుకే పెద్దగా ఆశ లేదు. 1972 ఆగస్టులో జపాన్ కచేరీల్లో వాయించినారు, అవి 'మేడ్ ఇన్ జపాన్' ఆల్బమ్‌గా వచ్చినాయి. ఆల్బమ్‌లో 5 నిమిషాల 40 సెకన్లున్న పాట అక్కడ ఏడు నిమిషాలు దాటింది. 1973 మేలో అమెరికాలో సింగిల్‌గా వేస్తే ఆ వేసవిలో అక్కడి హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 4వ స్థానానికి ఎక్కింది. అంటే రికార్డయిన ఏడాదిన్నర తరువాత.

అలిపిరి_బాస్
ఆ తరువాత సంగతులు, కొన్ని పైపైన. 1983లో గిలన్ బ్లాక్ సాబత్ అనే బ్యాండుతో పాడుతున్నప్పుడు వాళ్లు కూడా దీన్ని కచేరీల్లో వాయించినారు. కాసినో 1975లో మళ్లీ తెరుచుకుంది. అందులోనే మౌంటెన్ స్టూడియోస్ ఏర్పడింది, తరువాత దాన్ని క్వీన్ బ్యాండు కొనుక్కుంది.
వివరంగా చెప్పదగ్గది ఆర్మేనియా. 1988 డిసెంబర్‌లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. బాధితుల కోసం 'రాక్ ఎయిడ్ ఆర్మేనియా' పేరుతో 1989లో ఈ పాటనే మళ్లీ రికార్డు చేసినారు. గిలన్‌తో పాటు బ్రూస్ డికిన్సన్, పాల్ రాడ్జర్స్, బ్రయాన్ ఆడమ్స్ పాడినారు. గిటార్లకు బ్రయాన్ మే, టోనీ అయోమీ, డేవిడ్ గిల్మోర్, అలెక్స్ లైఫ్‌సన్. అందరికీ వచ్చిన రిఫ్ ఇది, రిహార్సల్ లేకుండా ఎవరైనా చేరగలిగే పాట. ఆ పనికి ఇంతకన్నా తగింది దొరకదు.
జాన్ లార్డ్ 2012లో, క్లాడ్ నాబ్స్ 2013 జనవరిలో పోయినారు. 2016లో బ్యాండును రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినారు. మొదటినుంచీ ఇప్పటిదాకా బ్యాండులో ఉన్నది ఇయాన్ పైస్ ఒక్కడే.

బైరాగిపట్టెడ_బ్యాండ్
చాలా ఉపయోగపడింది. ఇంకొకటి. 'నీళ్ల మీద పొగ' అని మా వాళ్లు స్టేజి మీద డ్రై ఐస్ పొగ, పల్లవి దగ్గర కోల్డ్ పైరో (రవ్వలు చిమ్మే యంత్రం) పెట్టాలంటున్నారు. వెనక థర్మకోల్‌తో కొండ, సరస్సు సెట్ కూడా అనుకున్నారు. పెట్టొచ్చా?

మదనపల్లె_మిక్సర్
పైరో వద్దు తమ్ముడూ, చల్లటిదని పేరున్నా సరే. అది లోహపు పొడిని రవ్వలుగా ఎగరేస్తుంది. ఎండు గుడ్డ, పూలదండ, థర్మకోల్ మీద పడితే అంటుకుంటాయి. థర్మకోల్ కరిగి మండుతున్న చుక్కలుగా కింద పడుతుంది, నల్లటి పొగ నిమిషాల్లో హాలు నింపుతుంది. మాంట్రోలోనూ కప్పు అలంకారం, పైకి ఎగిసిన రవ్వ, ఈ రెండే కలిసినాయి. సెట్‌ను గుడ్డ మీద పెయింట్ చేయించండి, వీలైతే అగ్ని నిరోధక ద్రావణం పట్టించింది తెప్పించండి.
డ్రై ఐస్ అయితే జాగ్రత్తగా చేయొచ్చు. అది మైనస్ 78.5 డిగ్రీల గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. వేడినీళ్లలో వేస్తే తెల్లటి మంచు నేలమీద పాకుతుంది. మందపాటి తోలు చేతితొడుగులు లేకుండా ముట్టొద్దు. గాలి పోని డబ్బాలో మూసి పెట్టొద్దు, పేలుతుంది. ఆ వాయువు గాలికంటే బరువు కాబట్టి స్టేజి ముందు పల్లంలో, మెట్ల కింద చేరుతుంది. అక్కడ పిల్లలు కూర్చుంటే ఊపిరి ఆడదు. ముందు వరుస ఖాళీగా ఉంచి, తలుపులు తెరిచి, పాట ఒక్కదానికే వాడి ఆపేయండి. ఫాగ్ మెషీన్ వాడితే హాల్ వాళ్లకు ముందే చెప్పండి, స్మోక్ డిటెక్టర్ మోగి కార్యక్రమం ఆగుతుంది. దొంగలొస్తారని వెనక తలుపులకు తాళాలు వేసే అలవాటు చాలా హాళ్లలో ఉంది. కార్యక్రమం మొదలయ్యేముందు మీ వలంటీర్ ఒకరు ప్రతి తలుపూ తోసి చూడాలి, తాళం ఉంటే తీయించాలి.

పీలేరు_పికర్
పాట హక్కుల సంగతి కూడా అడిగేస్తా. లైసెన్సు కావాలా?

కపిలతీర్థం_కీస్
విద్యాసంస్థలో సిబ్బంది, విద్యార్థులు వాయించి, వినేవాళ్లు కూడా సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులూ సంరక్షకులే అయితే 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. టికెట్ పెట్టి ఊరి జనాన్ని రానిస్తే ఆ మినహాయింపు వర్తించదు, ఐపీఆర్‌ఎస్ (పాటల హక్కుదారుల సంఘం) లైసెన్సు తీసుకోవాలి. వీడియో యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిమ్ పడొచ్చు, అది వేరే సంగతి.

అలిపిరి_బాస్
బైరాగిపట్టెడ తమ్ముడికి ఉపన్యాసం ముసాయిదా. నిదానంగా చదివితే నిమిషం దాటుతుంది:
'1971 డిసెంబర్ 4. స్విట్జర్లాండ్‌లో మాంట్రో. సరస్సు పక్కన కాసినో. ఫ్రాంక్ జప్పా వాయిస్తున్నాడు. ఒకడు ఫ్లేర్ గన్ పేల్చినాడు. కప్పు అంటుకుంది. క్లాడ్ నాబ్స్ పిల్లల్ని బయటికి లాగినాడు. ఎవరూ చనిపోలేదు. పొగ నీళ్ల మీద పరుచుకుంది. అక్కడే రికార్డు చేయాలని వచ్చిన డీప్ పర్పుల్‌కు హాలు లేకుండా పోయింది. వేరే థియేటర్‌లో రాత్రి ఒక ట్రాక్ వాయించినారు. పోలీసులు తలుపు కొట్టినారు, టేక్ అయ్యేదాకా తెరవలేదు. మాటలు తరువాత రాసినారు, జరిగింది జరిగినట్టు. ఆ ట్రాక్ ఇదే.'
చివరి మాట పలుకుతుండగా డ్రమ్మర్ కర్రలు నాలుగు లెక్క. చప్పట్ల కోసం ఆగొద్దు, గిటార్ మొదలుపెట్టేయాలి.

చిత్తూరు_స్ట్రాట్
ఉపన్యాసం చదివేంతసేపూ గిటారిస్టు ఊరకే నిలబడకుండా, వాల్యూమ్ సున్నాకు తిప్పి, క్లిప్ ట్యూనర్‌తో డి, జి తీగలు ఇంకోసారి చూసుకోవాలి. కర్రల లెక్కలో మూడో దెబ్బకు వాల్యూమ్ పైకి.